రెండు సినిమాల్లో ఒకే పడవ

మచిలీపట్నం నుంచి గుడివాడ వెళ్లే ప్యాసింజర్‌లో ఆ రోజు ఫోన్‌లో ఒక హాలీవుడ్ సినిమా చూస్తున్నాను. అది ఒక కొరియా సినిమాకి రీమేక్. ఆ కొరియా సినిమా అంటే నాకు ప్రాణం కాబట్టి రీమేక్‌లో తప్పులు పట్టడానికే కూర్చున్నాను.

చేపల వేటకెళ్లిన జాలరి పడవ తిరిగి రాదు. కొరియా సినిమాలో అతని భార్య ఒక్క మాట మాట్లాడకుండా పొయ్యి వెలిగించి అన్నం వండుతుంది. ఇందులో ఆవిడ ఒడ్డున పడి గుండెలు బాదుకుంటోంది.

పక్క సీట్లో చేపల గంపతో కూర్చున్న గిలకలదిండి రేవు ఆవిడ కూడా ఫోన్‌లోకి తొంగి చూస్తోంది.

"పాడుచేశారండీ. అసలు సినిమాలో ఆవిడ ఏడవదు, అన్నం వండుతుంది," అన్నాను.

"అట్టా వండింది మా అత్తండీ," అందావిడ వెంటనే. "మా ఆయన బోటు మూడు రోజులు రాలేదు. ఆవిడ పూటపూటా కొడుక్కి అన్నం వండిపెట్టింది. నేనేమో అచ్చం ఈవిడలాగే ఇసకలో పడి అరిచాను."

"మరి ఆయన?" అని భయంభయంగా అడిగాను.

"నాలుగో రోజు పొద్దున్నే వచ్చాడు. వచ్చీరాగానే ఆ అన్నమే తిన్నాడు," అని నవ్వింది. "ఏదండీ, ఆ వండే ఆవిణ్ణి కూడా చూపించండి."

గబగబా వెతికి కొరియా సినిమాలో ఆ సీను పెట్టాను. గుడివాడ వచ్చేదాకా రెండూ మార్చి మార్చి చూశాం. ఏది బాగుందని ఇద్దరం ఒకర్నొకరం అడగలేదు.

"మా ఇద్దర్నీ సినిమా తీశారని ఇంటికెళ్లి మా అత్తకి చెప్పాలి," అంటూ గంపెత్తుకుని దిగింది.

ఆ సాయంత్రమే రీమేక్ చివరిదాకా చూశాను. చాలా బాగుంది.