అమ్మమ్మ నోట రాని సారీ

ఇంగ్లీషువాళ్ళు తమ నిఘంటువు రాసేముందు మా అమ్మమ్మను ఒక్కమాట అడిగి ఉంటే సగం కాగితం మిగిలేది. ఆవిడకు ఇంగ్లీషు రాదు. అయినా నా మాట మీద నేనుంటాను.

అమ్మమ్మ దర్జీ. వీధివైపు గదిలో ఆవిడ కుట్టుమిషను, దాని పక్కన నా ముక్కాలిపీట. పదో తరగతిలో ఇంగ్లీషు నన్ను రెండుసార్లు గెంటేశాక ఆ పీటే నాకు బడి. నలభై ఏళ్ళ కుట్టుపనిలో అమ్మమ్మ ఎవరికీ సారీ చెప్పి ఎరగదు. తప్పు కుడితే విప్పుతుంది, మళ్ళీ కుడుతుంది. అంతే.

కానీ ఈమధ్య విప్పితే పోని తప్పు ఒకటి జరిగింది. చిన్నమ్మమ్మ, అంటే అమ్మమ్మ చెల్లెలు, ఒక చొక్కా తెచ్చింది. పోయిన చిన్నతాతయ్యకు ఉన్న ఒకే ఒక్క పొడుగుచేతుల చొక్కా. "నాకు సరిపోయేలా పక్కలు తగ్గించక్కా, చలికి వేసుకుంటా" అంది. ముప్పై ఏళ్ళపాటు, ఇదొక్కటి తప్ప, ఆయన చొక్కాలన్నీ అమ్మమ్మే కుట్టింది, అన్నీ పొట్టిచేతులవే. ఆయన చొక్కా అనగానే కత్తెర తన పాత దారి పట్టింది. మోచేతుల పైకి రెండు చేతులూ తెగిపోయాయి.

చిన్నమ్మమ్మ చూసి, చొక్కా అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. రోజూ సాయంత్రం వచ్చే మనిషి మూడు వారాలు గుమ్మం తొక్కలేదు. అమ్మమ్మ మాత్రం రోజూ రెండు గ్లాసుల టీ పెట్టేది. రెండోది చల్లారాక నాకిచ్చేది.

"వెళ్ళి సారీ చెప్పరాదూ?" అన్నాను.

"బస్సులో కాలు తొక్కినా సారీయే, మాట వినపడకపోయినా సారీయే. మా మరిది పోతే ఆఫీసువాళ్ళు వరసగా వచ్చి సారీ అన్నారు. వాళ్ళేం చేశారు పాపం? అంత అరిగిపోయిన మాట తీసుకెళ్ళి నా చెల్లెలికివ్వనా?"

అటక మీది అట్టలేని డిక్షనరీ దించాను. "సారీ పూర్వం నొప్పి అనే మాటలోంచి పుట్టిందట. మొదట్లో క్షమించమని కాదట, బాధగా ఉందనట."

మిషను ఆగింది. "ఎవరికే బాధ? తొక్కినవాడికా, తొక్కించుకున్నవాడికా?"

"అన్నవాడికే అమ్మమ్మా."

"ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా!"

తెగిన చేతులు పీలికల సంచిలో లేవు. అమ్మమ్మ బట్టల పెట్టెలో, మడతపెట్టి ఉన్నాయి. ఆ మధ్యాహ్నమే అతికింది. సాయంత్రం చెల్లెలి గుమ్మంలో నిలబడి, చొక్కా ఆవిడ చేతిలో పెట్టి, "నాకు బాధగా ఉందే" అంది.

చిన్నమ్మమ్మ కుట్టు వెంబడి బొటనవేలు పోనిచ్చింది. "అతుకు కనపడుతోందక్కా."

"కనపడకుండా కుట్టడం వచ్చు. అలా కుట్టబుద్ధి కాలేదు."

చిన్నమ్మమ్మ కళ్ళు తుడుచుకుని, చొక్కా తొడుక్కుని, రెండు పక్కలా పట్టి లాగి చూసుకుంది. "నీ మొహం! పక్కలు తగ్గించనే లేదు కదే అక్కా!"

ఇద్దరూ గుమ్మంలోనే కూలబడి నవ్వారు. మర్నాటి నుంచి ఆ రెండో గ్లాసు నాకు దక్కలేదు.

ఇదంతా రాసి అమ్మమ్మకు చదివి వినిపించాను. కళ్ళజోడు పైనుంచి చూసింది.

"రెండు మాటల్లో తేలేదాన్ని ఇంత పొడుగు చేశావేమే? ఆ కత్తెర ఇలా తే."