మా అమ్మ చెయ్యి కనిపించిన సినిమా

మొన్న ప్రొద్దుటూరులో మా కూతురింట్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే, కూతురూ అల్లుడూ వాదులాటకు దిగారు. ప్రపంచంలో ఇంతవరకూ వచ్చిన డాక్యుమెంటరీల్లో ఏది గొప్పదని. అల్లుడు పులివెందులలో టీచరు. యుద్ధం మీద తీసిందేదో గొప్పదంటాడు. కూతురు సముద్రం అడుగున చేపల మీద తీసిందే అంటుంది. ఎంతకూ తెగక అల్లుడు నా వైపు తిరిగాడు.

"అత్తా, నీ ఓటు ఎవరికి?"

"మీ రెండూ కాదు నాయనా. నట్టల మందు సినిమా."

ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు.

మాది జమ్మలమడుగు పక్క పల్లె. గొర్లు మేపుకునే ఇండ్లే ఎక్కువ. నాకు పన్నెండేళ్ళు వచ్చేసరికి ఊరు రెండు పార్టీలయింది. ఒకరి బావిలో ఇంకొకరు నీళ్ళు తోడరు. మా అమ్మ ఈ పార్టీ ఇంట్లో పడింది, ఆమె సొంత అక్క ఆ పార్టీ ఇంట్లో. ఒకే ఊర్లో ఉండి నాలుగేళ్ళు మాటల్లేవు. దోవలో ఎదురుపడితే మా పెద్దమ్మ తల వంచుకుని పోయేది. ఆ రోజు అమ్మ ఇంటికొచ్చి, చెరిగిన బియ్యమే మళ్ళీ చెరిగేది.

ఆ రోజుల్లో సర్కారు జీపు ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చి, బడి ముందర తెల్లగుడ్డ కట్టి సినిమాలు వేసేది. పాటలుండవు, ఫైట్లుండవు. ఆనకట్ట ఎట్లా కట్టారు, మశూచికి టీకా ఎందుకు, ఇలాంటివి. వాటినే డాక్యుమెంటరీలంటారని అల్లుడు చెప్పేదాకా నాకు తెలియదు. తెర ఒకటి, పార్టీలు రెండు. అందుకని ఒక పార్టీ తెర ముందు కూర్చుంటే ఇంకో పార్టీ వెనక కూర్చునేది. తర్వాతిసారికి మారేవాళ్ళు. గుడ్డ పల్చన కాబట్టి బొమ్మ రెండు పక్కలా కనపడేది. వెనక నుంచి అక్షరాలు తిరగబడి ఉంటాయి గానీ, చదువు రాని మాకు అక్షరం ఎటు తిరిగితే ఏం? తెల్లవారితే ఏ సినిమా గొప్పదని పంచాయితీ. మావాళ్ళు ఆనకట్ట అంటే వాళ్ళు మశూచి. వాళ్ళు ముందుగా ఆనకట్ట అనుంటే మేము మశూచి అనేవాళ్ళం.

ఒక ఏడు అమ్మానాయనా మేపుకోసం గొర్లను పులివెందుల వైపు తోలుకుపోయారు. అక్కడ పశువుల డాక్టర్లు గొర్ల కడుపులో పురుగులకు నట్టల మందు తాపిస్తుంటే, కెమెరావాళ్ళు వచ్చి అమ్మ మందు తాపడం తీశారు. అమ్మది పుర్రచెయ్యి, అంటే ఎడమ చేతి వాటం. చిన్నప్పుడు మణికట్టు మీద వాత పెట్టినా మారలేదు. కుడిచేత్తో గొర్రె దవడ పట్టి, ఎడమచేత్తో గొట్టం పెడితే ఒక్క చుక్క కింద పడేది కాదు.

అమ్మ ఊర్లో చెప్తే ఎవరూ నమ్మలేదు. ఆ పార్టీ ఆడవాళ్ళు "హీరోయిన్ వస్తాంది, దావ ఇడవండి" అనేవాళ్ళు. అమ్మ నాతో మాత్రం ఒకటే అంది. "మా అక్క చూస్తే చాలే."

ఆ సినిమా వచ్చిన రోజు మాకు తెర ముందు వంతు. అమ్మ ముఖం చూపలేదు. మోచేతి దాకా చెయ్యి, గొర్రె నోరు, అంతే. మావాళ్ళందరూ ఆ ఎడమచెయ్యి చూడగానే గుర్తుపట్టి, ఆమేనని అరిచారు. అప్పుడు తెర వెనక నుంచి మా పెద్దమ్మ గొంతు వినిపించింది.

"కాదు. మా చెల్లెలిది పుర్రచెయ్యి. ఈయమ్మ కుడిచేత్తో తాపుతాంది."

అటువైపు నవ్వులు. అమ్మ ముఖం వాడిపోయింది. నాలుగేళ్ళకు అక్క నోరు తెరిచి అన్న మాట అది.

"ఎడమచెయ్యే. కండ్లు పోయినాయా మీకు?" అన్నారు మావాళ్ళు.

"మాకు కాదు, మీకే పోయినాయి."

ఇంకాసేపయితే కట్టెలు లేచేవి. మిషన్ తిప్పేటాయన ఆపేసి అన్నాడు, "వెనక నుంచి చూస్తే ఎడమ కుడిగా కనపడతాదమ్మా. మళ్ళా వేస్తా. నమ్మకం లేకుంటే ఒకరు ఇటొచ్చి చూడండి."

ఎవరూ కదల్లేదు. తర్వాత తెర కట్టిన గుంజ పక్కనుంచి మా పెద్దమ్మ వచ్చింది. వెనక నుంచి పెద్దనాయన గొంతు, "యాడికే పోతాండావు?"

"నా చెల్లెలి చెయ్యి చూసేదానికి."

వచ్చి అమ్మ పక్కనే కూర్చుంది. రీలు మళ్ళీ తిరిగింది. పెద్దమ్మ తెర వైపు చూసింది, అమ్మ ఎడమచెయ్యి పట్టుకుని మణికట్టు మీది మచ్చను వేలితో తడిమింది. తర్వాత తెర అవతలికి వినపడేట్టు అంది. "మా చెల్లెలే. ఒక్క చుక్కన్నా కింద పడిందేమో చెప్పండి చూద్దాం."

అటువైపు నుంచి ఒక ముసలాయన, "అట్లయితే ఇంగొకసారి వెయ్యప్పా" అన్నాడు.

పార్టీలు పోలేదు. కేసులూ పోలేదు. కానీ ఏ సినిమా గొప్పదన్న పంచాయితీ మా ఊర్లో ఆ రోజుతో తెగిపోయింది. రెండు పార్టీలూ నట్టల మందు సినిమాకే ఓటేశాయి. పెద్దమ్మ మటుకు ఆ తర్వాత ఏ సినిమా వచ్చినా, ఎవరి వంతయినా, అమ్మ పక్కనే కూర్చునేది.

"చెప్పు నాయనా," అన్నాను అల్లుడితో, "మీ యుద్ధం సినిమా చూసి ఎవరన్నా అటునుంచి ఇటు లేచొచ్చినారా?"

అల్లుడు చేతిలోని ఫోను పక్కన పెట్టి, నా ముందున్న చిక్కుడుకాయల్లోంచి ఒక గుప్పెడు తన వైపు లాక్కున్నాడు.