ఆఫీసు బస్సులో చెక్కిన బొమ్మలు

2023 వానాకాలం. నార్సింగిలో నేను కుట్టు దుకాణం పెట్టి అప్పటికి పదకొండేళ్లు. జాకెట్లు, చీరల ఫాల్స్ రోజువారీ పని. దాంతోపాటు చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వాళ్లకు క్విల్టులు కుడతాను. క్విల్ట్ అంటే మన బొంతే. పైన అతుకుల గుడ్డ, మధ్యలో బ్యాటింగ్ అనే పల్చటి దూది పొర, అడుగున అస్తరు. మూడింటినీ కలిపి దగ్గర దగ్గరగా కుట్లు వేస్తాం. కప్పుకోవడానికి కాకుండా గోడకు వేలాడదీయడానికి కుట్టేది ఆర్ట్ క్విల్ట్.

ఒక ఆదివారం సత్తయ్య అనే ఆయన వచ్చాడు. ఖాజాగూడ మనిషి, ఆఫీసు బస్సు డ్రైవరు. పేపరులో చుట్టి తెచ్చిన తెల్ల గుడ్డ ముక్కలు తీసి నా బల్ల మీద జాగ్రత్తగా పరిచాడు. మొత్తం పదహారు. ఒక్కోదాని మీద నల్ల రంగులో ఒక్కో బొమ్మ. గేటు దగ్గర టిఫిన్ డబ్బా విప్పుకుంటున్న సెక్యూరిటీ గార్డు, బస్సు నీడలో పడుకున్న కుక్క, ఒకదాని మీద ఒకటి నిలబడ్డ ఖాజాగూడ రాళ్లు, అద్దాల గోడ వెనక నిలబడి తుడుస్తున్న ఒక ఆడమనిషి.

ఎవరు వేశారని అడిగితే, తనేనన్నాడు. పొద్దున తొమ్మిదికల్లా ఉద్యోగులను గచ్చిబౌలిలో దింపితే సాయంత్రం ఆరు దాకా బస్సులోనే ఉండాలి. ఆ బస్సెక్కే ఒకమ్మాయి లైనో కట్ క్లాసులో చేరి, మధ్యలో మానేసి, సామానంతా ఆయనకిచ్చేసిందట. లైనో అంటే మెత్తగా తెగే పలక. దాని మీద బొమ్మ చెక్కి, రంగు పూసి గుడ్డ మీద అద్దుతారు. చెక్కిన చోటు తెల్లగా, మిగిలినది నల్లగా వస్తుంది. అద్దడానికి ఈయన వాడింది స్టీలు గరిటె వెనకభాగం.

"వచ్చే నెల ఇల్లు మారుతున్నమక్కా. కొత్తింట్ల గోడకు వెయ్యాలె. మా ఆమెకు మాత్రం ఇప్పుడే తెల్వొద్దు," అన్నాడు.

అలాంటి పని నా చేతికి అంతకుముందెప్పుడూ రాలేదు. బొమ్మల మధ్య ఇటుక రంగు పట్టీలు వేశాను. కుట్టు ఎక్కడ పడాలో నీలం గీతలు గీసుకున్నాను. ఆ గీతలకు వాటర్ ఎరేజబుల్ పెన్ వాడతాం. పని అయ్యాక నీళ్లు చిలకరిస్తే గీత మాయమవుతుంది. రెండు వారాల్లో క్విల్ట్ తయారైంది. బల్ల మీద పరిచి, మురిసిపోతూ నీళ్లు చిలకరించాను.

నీలం గీతలతో పాటు నలుపు కూడా కదిలింది. కుక్క నీడలో కలిసిపోయింది. గార్డు ముఖం మీదికి మసక పాకింది. నేను గుడ్డ అందుకుని ఒత్తేలోపు ఐదు బొమ్మలు పోయాయి.

రంగే మంచిది కాదని చెప్పేస్తే ఆయన నమ్ముతాడు కదా అన్న ఆలోచన కూడా వచ్చింది. కానీ అబద్ధమెందుకు చెప్పాలి అనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం క్విల్ట్ మడిచి సంచిలో పెట్టుకుని, గచ్చిబౌలిలో వరసగా ఆగి ఉన్న బస్సుల్లో ఆయన బస్సు వెతుక్కుంటూ వెళ్లాను. సీట్ల మీద పరిచి జరిగింది జరిగినట్టు చెప్పాను.

ఆయన ఒక్కో బొమ్మనూ వేలితో తడిమి చూశాడు. "గీ రంగు నీళ్లు తగిల్తే పోతది. ఇస్తిరి పెట్టినంక పోదు. నా అంగీ మీద పడ్డప్పుడు చూసిన," అన్నాడు.

"మరి నాతో చెప్పలేదేంటండీ?"

"మీరు అడగలే. ఇంత పనిమంతురాలు, మీకు తెల్వకుంటదా అనుకున్న."

సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ ఐదు పలకలూ ఇప్పుడు లేవు; ఉన్న లైనో కొంచెమే కావడంతో వాటినే ఇంకా చెక్కి వేరే బొమ్మలు చేసుకున్నాడట. కొత్త లైనో నేను కొనిస్తానన్నాను. పరేషాన్ కావద్దు, రోజుకు తొమ్మిది గంటలు తన చేతిలోనే ఉన్నాయన్నాడు.

తర్వాతి పది రోజుల్లో మూడు సార్లు ఆ బస్సుకు వెళ్లాను. రెండోసారి ఉలి నా చేతికిచ్చి, రాళ్ల పైన ఆకాశం చెక్కమన్నాడు. చెయ్యి జారి మధ్యలో పెద్ద గాటు పడింది. ఆయన ఉలి తీసుకుని ఆ గాటుకు రెండు రెక్కలు చెక్కి కొంగను చేశాడు. ఇద్దరం నవ్వుకున్నాం. ఈసారి ముందు ఇస్తిరి చేసి, చిన్న ముక్క తడిపి చూసి, పాడైన బొమ్మల మీదే కొత్తవి ఆప్లిక్ చేశాను, అంటే అంచులు లోపలికి మడిచి చేత్తో కుట్టేశాను.

జాకెట్టు కొలతలని చెప్పి భార్య అంజమ్మను ఆయనే తీసుకొచ్చాడు. ఆమెది అదే క్యాంపస్‌లో హౌస్‌కీపింగ్ పని. లోపలికొస్తూనే, దుకాణం గోడకు నేను వేలాడదీసి ఉంచిన క్విల్ట్ చూసి ఆగిపోయింది. గార్డును గుర్తుపట్టింది, కుక్కను గుర్తుపట్టింది. అద్దం తుడిచే మనిషి దగ్గర ఆమె చెయ్యి నిలిచిపోయింది.

"గిది నేనే. మా ఫ్లోరుల ఎడమచేత్తోటి తుడిచేది నేనొక్కదాన్నే."

అప్పటిదాకా నేనది గమనించలేదు. లైనోలో బొమ్మ తిరగబడి అచ్చవుతుంది. ఎడమచెయ్యి రావాలంటే ఆయన పలక మీద కుడిచెయ్యి చెక్కి ఉండాలి.

"దినాం ఆ అద్దంల నుంచి నీ బస్సు చూస్త," అంది భర్తతో. "తల వంగి కనవడ్తది. ఎంత సుఖంగ పండుకున్నడో అనుకుంట తుడుస్త." చెబుతూనే పకపకా నవ్వేసింది. ఆయన సిగ్గుపడి బయటి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు.

జాకెట్టు కొలతల మాట ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

అప్పటినుంచి ఎవరు గుడ్డ తెచ్చినా వెంటనే కొలబద్ద తీయను. కూర్చోబెట్టి అడుగుతాను: ఇది ఎవరు చేశారు, దేనితో చేశారు, దీనికి నీళ్లు పడవా, వేడి పడదా? చేసినవాళ్లకు తెలిసినంత నాకు తెలియదు. అడిగితే ఎంత సంబరంగా చెబుతారో. మొన్న ఒకామె బెండకాయ ముక్కలతో అద్దిన గుడ్డ తెచ్చి, బెండకాయ ఎంత ముదరాలో అరగంట చెప్పింది. ఆ అరగంటలో నేను కత్తెర ముట్టుకోలేదు.