చున్నీకి అంటుకున్న గింజలు

కొత్త వాలంటీర్లకు గింజలు ఎలా ప్రయాణిస్తాయో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఈ ఎడారి దేశంలో దుఖాన్ రోడ్డు మీద ఎక్కిన ఆ బస్సే గుర్తొస్తుంది.

ఎడారి మొక్కల వర్క్‌షాప్‌లో అది నా మొదటి రోజు. పొద్దున్నంతా ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని మొక్కల్ని తాకి చూస్తూ నేర్చుకున్నాం. తిరుగు బస్సులో చూసుకుంటే చున్నీ నిండా ముళ్ళ గడ్డిగింజలు! విసుక్కుంటూ ఒక్కొక్కటే పీకి సీటు కింద పడేస్తున్నాను.

దారిలో షహానియా స్టాపులో ఎక్కి నా పక్కన కూర్చున్న నీలం డ్యూటీ డ్రెస్సు అతను, నేను ఫోన్‌లో తెలుగులో మాట్లాడటం విన్నట్టున్నాడు. "తెలుగోళ్ళా అక్కా? గవేంది?" అన్నాడు.

అప్పుడే నేర్చుకున్న పాఠం, ఉత్సాహం ఆగలేదు. ఇవి ఒంటె బొచ్చుకు అంటుకుని పోతాయనీ, రాలినచోట మొలుస్తాయనీ చెప్పాను.

అతను పకపకా నవ్వాడు. "అట్లయితే ఇయ్యాల ఒంటెవు నువ్వే గదక్కా! ఇంత దూరం మోసుకొచ్చి బస్సుల పారేస్తవా? ఈడ మొలుస్తయా?" అంటూ అరచెయ్యి చాపాడు. "ఇటియ్యి. మా లేబర్ క్యాంప్ ఎనుక ఏసీ నీళ్ళు కారే జాగుంది. ఆడ పచ్చగ ఒక్కటి లేదు."

ఇచ్చాను. సీటు కింద పడ్డవాటిని కూడా వంగి ఏరుకున్నాడు. రయ్యాన్ స్టాపు రాకముందే, గుప్పిట విప్పకుండా మోచేత్తో బెల్ నొక్కి లేచాడు.

"పోతున్న అక్కా!"

దిగుతుంటే చూశాను, అతని చొక్కా చేతికి ఒక గింజ అంటుకుని ఉంది. పిలిచి చెప్పబోయి ఊరుకున్నాను. ఒంటెకు ఎవరైనా చెబుతారా?