గురకల డాక్టరు

పెళ్లిచూపులప్పుడు మా నాన్నతో "అబ్బాయి డాక్టర్" అన్నారు. పశువుల డాక్టరని పూలుపండ్లు మార్చుకుని సంబంధం ఖాయం చేసుకున్నాక తెలిసింది. సరే, పశువులకూ ప్రాణముంటుంది కదా అనుకున్నాను. జగిత్యాలలో కాపురం పెట్టాకే అసలు సంగతి బయటపడింది. మా ఆయన మదన్ మోహన్ రావు చదువంతా ఎద్దు ముక్కులో ఉండే పురుగు మీదట! నా మామిడికాయ తొక్కు జాడీల పక్కనే ఎద్దుల చీమిడి సీసాలు. తీసెయ్యమంటే, "గిరిజా, గవి నా పరిశోధన" అనేవాడు. ఆ పరిశోధనలో మన్ను పొయ్య!

చెరువు నత్తల్లో పెరిగిన ఆ పురుగు, నీళ్లలో దిగిన పశువు ఒంట్లోకి దూరి ముక్కులోని నెత్తురు నరాల్లో కాపురం పెడుతుందట. ముక్కులో కాయలు లేచి ఎద్దు గుర్రుగుర్రుమంటుంది, మెల్లగా చిక్కిపోతుంది. అందుకని ఈయన ఊరూరా తిరిగి, "మీ ఇంట్ల గురక ఎవరు పెడుతరు?" అని అడిగేవాడు. ఎద్దు అనే మాట చేర్చాలని తోచదు ఆ మహానుభావుడికి. అసలే నక్సలైట్ల దళాలు తిరిగే కాలం. ఎవరింట్లో ఎవరు పడుకుంటున్నారని ఆరా తీస్తే పోలీసులైనా కావాలి, పోలీసులకు చెప్పేవాళ్లైనా కావాలి. పైగా ఈయన దొరల ఇంటివాడు, దళాలకు ముందే పడనివాడు. ఇలా అడగొద్దని చెప్పీ చెప్పీ నా నోరు నొచ్చింది.

ఒకరోజు కోరుట్లలో మా అక్క పుష్పలత గృహప్రవేశానికని పట్టుచీర కట్టుకుని స్కూటరెక్కాను. దారిలో ఒక ఊళ్లో ఎద్దు గురక వినబడింది. ఇంకేముంది, బండి ఆగింది. రాజయ్య అనే రైతు కొట్టంలో దూరి, ఎద్దు ముక్కులో పుల్లకు చుట్టిన దూది తిప్పి, మైక్రోస్కోపు పెట్టె విప్పి కూర్చున్నాడు. నేను పేడలో అంచు తగలకుండా కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని తిట్టుకుంటూ నిలబడ్డాను.

తలెత్తితే కొట్టం ముందు ముగ్గురు, భుజాన తుపాకులతో.

"ఊరూరు తిరిగి గురకలడుగుతున్నది నువ్వేనా?" అన్నాడు ముందున్న గడ్డం మనిషి. "ఎవలు పంపిండ్రు?"

"అన్నా, నాకేం ఎర్కలే" అని రాజయ్య పక్కకు జరిగాడు. ఆ మధ్యే పోలీసులకు ఇన్‌ఫార్మరన్న అనుమానంతో దళంవాళ్లు పక్క ఊరి మనిషినొకణ్ణి తీసుకుపోయారు. అతను తిరిగి రాలేదు. కొండగట్టు అంజన్నా, ఈ పిచ్చిమనిషిని నాకు దక్కించు తండ్రీ అని మొక్కుకున్నాను.

మా ఆయనకు మాత్రం వినేవాళ్లు దొరికారన్న సంబరం. "రాండ్రి, సూడుండ్రి" అని గడ్డం మనిషిని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాడు. "గది పురుగు గుడ్డు. పురుగేమో రైతు ఎద్దు నెత్తురు తాగి బతుకుతది."

అతను ఒక కన్ను మూసి చూశాడు. "అరె, కొడవలి లెక్కున్నదేందిరా!" మిగతా ఇద్దరూ వంతులేసుకుని చూశారు. అయినా అతని అనుమానం తీరలేదు. "ఎద్దులంటే సరే. మనుషుల గురకలెందుకు? మా బాలరాజు గురక గుట్ట అవుతల దాంక ఇనబడ్తది. వాని జాడ కోసమే గద నీ తిరుగుడు?"

వెనకనున్న బాలరాజు సిగ్గుతో తల దించుకున్నాడు.

"ఛ, మనుషుల గురకకు గీ పురుగుకు సంబంధమే లేదు" అన్నాడు మా ఆయన, శాస్త్రాన్ని ఎవరో అవమానించినట్టు. "నేను సూసిన గద! మా ఆవిడ రోజూ గురక పెడుతది. పండుకున్నప్పుడు ఆమె ముక్కుల చీమిడి తీసి సూసిన. పురుగు లేదు, గుడ్డు లేదు."

కొట్టంలో ఎద్దు ఒకసారి గుర్రుమంది. ముందు బాలరాజు కిసుక్కుమన్నాడు. గడ్డం మనిషి నవ్వు ఆపుకోలేక గుంజ పట్టుకున్నాడు. "పెండ్లాం ముక్కు గెలికెటోడు ఇన్‌ఫార్మర్ ఎట్లయితడ్రా! పో సార్, పో. అక్కా, జర పైలం."

ఊరు దాటాక ఆయన వీపు మీద ఒక్కటి గుద్దాను. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. "తుపాకుల ముంగట నా ఇజ్జత్ తీస్తరా? అసలు నా ముక్కుల ఎందుకు సూసిండ్రు?"

ఆయన బండి నెమ్మది చేశాడు. "పెండ్లయిన కొత్తల నీ గురక ఇన్న. ఎద్దులు గట్లనే గురక పెట్టి చిక్కిపోతయి గద. నీకేమన్న అయితదేమోనని భయమైంది గిరిజా."

తుపాకులకు బెదరని మనిషి నా ముక్కుకు భయపడ్డాడు! కోరుట్ల వచ్చేదాకా ఆ వీపుకే తల ఆనించి కూర్చున్నాను.