గోదాములో చదివిన ఇంగ్లండు చరిత్ర

మా ఎదురింటి చిన్నాయన పోయారు. రాయచోటి నుంచి తిరిగొచ్చిన ఒకాయన ఆ కబురున్న ఉత్తరం తెచ్చి నా చేతికిచ్చాడు. రాసింది చిన్నాయన కూతురు. ఉత్తరం నాకు అందేసరికి ఆయన పోయి పద్దెనిమిది రోజులైంది. ఆ పద్దెనిమిది రోజులూ నేను బడికి వెళ్ళాను, పాఠాలు చెప్పాను, శుక్రవారం కూరగాయలు బేరమాడాను. అది తలచుకుంటే ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఇది రాస్తూ కూడా మూడుసార్లు లేచాను.

కువైత్‌లో, మన అబ్బాసియాలో ఆయన్ను ఎరిగినవాళ్ళు ఇది చదివే మీలో చాలామందే ఉంటారు. గోదాముల పేట అల్ రాయ్‌లో లారీల విడిభాగాల గోదాముకు స్టోర్‌కీపరు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. కుర్చీ వేస్తే దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడేవారే తప్ప కూర్చునేవారు కాదు. టీ గ్లాసు పట్టుకుని కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూ మాట్లాడేవారు. "కూచుంటే నాకు మాట రాదు పాపా" అనేవారు.

డెబ్బై తొమ్మిదిలో పెళ్ళయి నేను కువైత్ వచ్చాను. ఆయన భార్యాబిడ్డలు రాయచోటిలో ఉండేవారు. ఆయన మాకెదురుగా, మరో ఇద్దరితో కలిసి ఒక గదిలో. మాది కడప అని తెలిసిన రోజే నేను ఆయనకు పాపనయ్యాను, ఆయన నాకు చిన్నాయన అయ్యారు. అప్పట్లో నేను ఎం.ఏ. అర్థశాస్త్రానికి ప్రైవేటుగా కట్టాను. ఇంగ్లండు ఆర్థిక చరిత్ర అందులో ఒక పేపరు. పైకి చదివితేగాని నాకు బుర్రకెక్కదు. నూలు మిల్లులు, ఆవిరి యంత్రాలు, రైళ్ళు, దేశదేశాలకూ సరుకు మోసిన ఓడలు, అన్నీ తీసి ఉన్న తలుపులోంచి ఆయనకు వినబడేవి.

ఒక సాయంత్రం గుమ్మంలో నిలబడి అడిగారు.

"యాడిదాకా వచ్చినావు పాపా?"

"మొదటి యుద్ధం దాకా చిన్నాయనా. పుస్తకం అక్కడితో సరి."

"ఆడ ఆపేసినారా? ఆపైన కథంతా మా గోదాములో ఉండాది. వచ్చి చూసుకో."

ఆ శుక్రవారం నన్నూ మా ఆయన్నూ వెంటబెట్టుకుని వెళ్ళారు. రేకుల షెడ్డు. లోపల ఇనుము, గ్రీజు కలిసిన వాసన. ఎడమవైపు ఇంగ్లండు నుంచి వచ్చిన చెక్కపెట్టెలు పైకప్పు దాకా ఉన్నాయి. వాటి మీద దుమ్ము అట్టకట్టింది. కుడివైపు జపాను అట్టపెట్టెలు. అటు నేల కూడా నున్నగా ఉంది, తిరిగే కాళ్ళన్నీ అటే మరి.

చిన్నాయన ఒక చెక్కపెట్టె మూత తీసి గేరు చక్రం నా చేతిలో పెట్టారు. బరువుకి నా చెయ్యి కిందికి పోయింది.

"ఇంగ్లండోళ్ళ సరుకు చెడ్డదని నేననను. ఈ ఇనుము చూడు, మన మనవళ్ళ కాలం దాకా అరగదు. కానీ గాలి ఫిల్టరులోంచి ఇంజన్లోకి ఇసుక పోతాండాదని జాబు రాసినాం. జవాబు ఎప్పుడొచ్చింది? రెండు నెలలకు. ఏమని? 'మా ఫిల్టరు బాగానే ఉంది, మీ డ్రైవర్లే సరిగా తుడవడంలేదు' అని."

"మరి జపాను వాళ్ళు?" అన్నారు మా ఆయన.

"వాళ్ళ మనిషొకడు వచ్చినాడబ్బా. ఆగస్టు నెల, రేకు మీద చెయ్యి పెడితే కాలిపోయే ఎండ. ఆ ఎండలో లారీ కింద పండుకున్యాడు. మెకానిక్కులతో కూచోని ఖుబ్బూస్ రొట్టె తిన్యాడు. ఏది విరుగుతాది, ఎన్నినాళ్ళకు విరుగుతాది అని అడిగి రాసుకున్యాడు. పై ఏడు వచ్చిన బండ్లకు ఫిల్టరే మారిపోయింది." ఆయన రెండు వరసల మధ్య నడుస్తూనే ఉన్నారు. "నూరేండ్లు లోకానికంతా అమ్మినోళ్ళు పాపా. కొనేవాడు ఇంగ యాడికి పోతాడులే అనుకున్యారు."

ఆ మాట అంటూనే ఇంగ్లండు పెట్టె మీది దుమ్మును చొక్కా చేతితో తుడిచారు. ఆయన పనిలో చేరి మొదట దించుకున్న సరుకు అదేనట. దాన్ని తప్పుపడుతున్నా ఆయన గొంతులో బాధ తెలుస్తూనే ఉంది.

ఎనభై ఒకటిలో తిరుపతి వెళ్ళి పరీక్ష రాశాను. ఇంగ్లండు ఎగుమతులు ఎందుకు క్షీణించాయో చర్చించమన్న ప్రశ్న రానే వచ్చింది. పుస్తకంలోని కారణాలన్నీ రాశాను. ఫిల్టరు దగ్గర కలం ఆగింది. రుజువుగా ఎవరి పేరు చెప్పను? అల్ రాయ్‌లో ఒక స్టోర్‌కీపరు చెప్పాడనా? దిద్దేవాళ్ళు నవ్వుతారనిపించింది. మార్కులు పోతాయని భయమేసింది. ఆ ముక్క రాయకుండానే కాగితాలు ఇచ్చేశాను.

తిరిగొచ్చిన రోజు ఆయన మెట్ల మీదే ఎదురయ్యారు.

"ఫిల్టరు సంగతి రాసినావా?"

"రాశాను చిన్నాయనా."

ఆయన కదలకుండా నిలబడిపోయారు. ఆ మనిషి అట్లా నిలబడగా నేను చూడడం అదే మొదలు. ఆ తర్వాత కిరాణా కొట్లో, దర్జీ దగ్గర, కనబడ్డ వాళ్ళందరికీ చెప్పారు. పరీక్ష ప్యాసయ్యాను. అదంతా ఫిల్టరు మహిమే అన్నారు. నేను తలూపాను.

ఎనభై నాలుగులో వాళ్ళ ముదీరు, అంటే మేనేజరు, ఆయన్ను పిలిచి, ఇంగ్లండు లారీల ఏజెన్సీ వదిలేస్తున్నామని, చెక్కపెట్టెలన్నీ తుక్కుకింద అమ్మేస్తామని చెప్పాడు. దాంతోపాటే ఆయన పని కూడా ఖలాస్ అన్నాడు. చిన్నాయన గొడవపడలేదు. జపాను వైపు ఏ పని ఇచ్చినా చేస్తానన్నారు. తాను పని నేర్పిన కుర్రవాడి కింద, పెట్టెలు సరిచూసే పని ఇచ్చారు. అప్పటికి ఆయనకు యాభై దాటాయి.

"చరిత్ర పుస్తకంలో చదవడం సులువు పాపా. నెత్తిన పడినప్పుడే బరువు తెలుస్తాది" అన్నారు ఆ రోజు. అని నవ్వారు. కొత్త కేటలాగు ఇంటికి తెచ్చుకుని, మా రెండు గుమ్మాల మధ్య తిరుగుతూ భాగాల నంబర్లు బట్టీపట్టేవారు. వంట చేస్తూ వినేదాన్ని. తలుపు తీసి నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లో చెయ్యి తుడుచుకున్నాను. మళ్ళీ గరిటె పట్టుకునేదాన్ని. రెండేళ్ళకు, కువైత్‌లో ఉండనిచ్చే ఆయన ఇఖామాను కంపెనీ మళ్ళీ పొడిగించలేదు.

తండ్రిని అబ్బా అని పిలిచే ఆ కూతురు ఉత్తరంలో ఇలా రాసింది: "అబ్బా మీ పరీక్ష సంగతి ఊర్లో అందరికీ చెప్తా ఉండె అక్కా. మా గోదాము తిరుపతిలో పరీక్ష కాగితంలోకి ఎక్కింది అని."

ఎక్కలేదు. ఆయన్ను ఎరిగిన మీ అందరి ముందూ ఒప్పుకుంటున్నాను. ఇన్నేళ్ళుగా మా బడి పిల్లలకు ఫిల్టరు సంగతి చెబుతూనే ఉన్నాను. ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెయ్యెత్తి "టీచర్, ఇది పుస్తకంలో ఉందా?" అని అడుగుతారు. లేదు, అయినా రాసుకోండి అంటాను. పరాయి పిల్లల చేత రాయించినంత మాత్రాన నేను రాయనిది పూడుతుందా? తెలియదు.

ఆయన కువైత్ వదిలి ఊరికి వెళ్ళిపోయిన ఉదయం, చెప్పి తీరాలని కిందికి దిగాను. టాక్సీ మీద ట్రంకుపెట్టె కట్టి ఉంది. తాడు లాగి చూసి, సరిపోలేదని విప్పించి మళ్ళీ కట్టించారు.

"చిన్నాయనా, ఒక మాట చెప్పాల."

"జాబు రాయి పాపా, తీరిగ్గా చదువుకుంటా" అంటూ ముందు సీట్లో కూర్చున్నారు. డ్రైవరు యల్లా, పోదాం అన్నాడు. టాక్సీ కదిలింది. తాడు మీద ఇంకా నమ్మకం కుదరలేదేమో, ఆయన పొడుగాటి చెయ్యి కిటికీలోంచి బయటికొచ్చి పైనున్న పెట్టెను అదిమి పట్టుకుంది. సందు మలుపు తిరిగేదాకా ఆ చెయ్యి అట్లాగే ఉంది.