ఎండాకాలంలో గడ్డకట్టిన మందు

ఆ ఆగస్టులో సెలవు నుంచి తిరిగొచ్చిన మర్నాడే డ్యూటీలో చేరాను. చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్‌కి వెళ్ళాను. ఊళ్ళో ఉన్న నాలుగు రోజులూ చుట్టాల ఇళ్ళకు తిరగడానికే సరిపోయాయి. విమానంలో కన్ను మూతపడలేదు. సెలవు తీసుకున్నది అలసట తీరడానికో, కొత్తది మూటగట్టుకోవడానికో నాకే తెలియని స్థితిలో క్లినిక్ మెట్లెక్కాను.

మాది బహ్రెయిన్‌లోని బుసైతీన్‌లో చిన్న క్లినిక్. కింద మందుల షాపు, పైన మేము. ఒక డాక్టరమ్మ, ఇద్దరం నర్సులం, రిసెప్షన్‌లో ఒకమ్మాయి. డాక్టరమ్మ ఇక్కడి మనిషే, బహ్రెయినీ. రెండో నర్సు మలయాళీ. నాకంటే పదేళ్ళు చిన్నది, నన్ను చేచీ అంటుంది, అంటే అక్కా అని. పిల్లల టీకాలూ, వాటిని దాచే ఫ్రిజ్జూ చాలా ఏళ్ళుగా నా బాధ్యత. నేను సెలవు పెడితే ఆమె చూసుకుంటుంది.

బట్టలు మార్చుకుని ముందు ఫ్రిజ్ దగ్గరికే వెళ్ళాను. తలుపు మీద డిగ్రీలు చూపించే అంకె నాలుగు అంది. మంచిదే. టీకా మందులు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. తలుపు తీశాను. లోపల ఖాళీ లేదు. బడులు తెరిచే ముందు వచ్చే స్టాకు నేను లేనప్పుడే వచ్చినట్టుంది, ప్రతి అరా డబ్బాలతో కిక్కిరిసి ఉంది. వెనక గోడకు ఆనుకుని ఉన్న ఒక డబ్బాను ముందుకు లాగాను. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగితే అట్ట చిరిగిన చప్పుడుతో ఊడి వచ్చింది. దాని వెనక వైపు తెల్లగా మంచు.

డబ్బా విప్పి ఒక సీసా తీసి వంచి చూశాను. లోపలి మందు కదల్లేదు.

ఈ దేశంలో ఉండే మాకందరికీ భయం వేడి గురించే. కరెంటు పోతే ఏమిటి, తలుపు సరిగ్గా పడకపోతే ఏమిటి, మందు తెచ్చే బండి ఎండలో ఆగిపోతే ఏమిటి అని. కానీ వేడి తగిలిన మందుకు మెల్లమెల్లగా బలం తగ్గుతుంది. ధనుర్వాతానికి ఇచ్చేది, పసిపిల్లలకు ఐదారు జబ్బులకు కలిపి ఇచ్చేది, కామెర్లకు ఇచ్చేది, ఇవి ఒక్కసారి గడ్డకట్టాయంటే ఇక పనికిరావు. అసలు చిక్కేమిటంటే, కరిగిపోయాక చూస్తే ఏ తేడా కనపడకపోవచ్చు. మామూలు మందులాగే ఉంటుంది. సూదిలోకి ఎక్కుతుంది, పిల్ల ఏడుస్తుంది, తల్లి నిశ్చింతగా ఇంటికి వెళ్తుంది. లోపల రక్షణ మాత్రం ఉండదు.

అప్పుడే మలయాళీ అమ్మాయి లోపలికి వచ్చింది. ఆమె మొహం వాడిపోయి ఉంది. ఇన్నాళ్ళూ ఇద్దరి పనీ ఒక్కతే చేసింది కదా. అయినా నన్ను చూసి నవ్వింది.

"చేచీ, ఊరి నుంచి నాకేం తెచ్చావు?"

పూతరేకులు తెచ్చాను, బ్యాగులో ఉన్నాయి. అవి తీయకుండా, చేతిలోని సీసా ఆమెకిచ్చాను. ఆమె వంచి చూసింది. మళ్ళీ వంచింది.

"పొద్దునా సాయంత్రం డిగ్రీలు చూస్తూనే ఉన్నాను చేచీ. ఎప్పుడూ నాలుగో ఐదో."

అది నిజమే. డిగ్రీలు కొలిచే తీగ ముందు వైపు ఉంది. చల్లగాలి వచ్చే రంధ్రాలు వెనక గోడకున్నాయి. స్టాకు వచ్చిన రోజు బయట జనం నిండి ఉన్నారనీ, పెట్టెలు వరండాలో ఎంతోసేపు ఉంటే వేడెక్కుతాయని భయపడి దొరికిన చోటల్లా సర్దేశాననీ చెప్పింది. వేడికి భయపడి చలిలోకి నెట్టింది. ఆమెను తిట్టే ఓపిక నాకు లేదు.

డాక్టరమ్మకు చెప్పాం. ఆవిడ సీసాను వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, కుర్చీలో వెనక్కి వాలింది.

"సిస్టర్, ఈ స్టాకులోంచి ఎంతమందికి ఇచ్చాం?"

ఆ ప్రశ్న వస్తుందని మా ఇద్దరికీ తెలుసు. మలయాళీ అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని పేర్లు వెతకడం మొదలుపెట్టింది. ఆమె భుజాలు కదలడం చూసి ఏడుస్తోందని తెలిసింది. ఏడుస్తూనే వెతికింది. కొంతమంది పసిపిల్లలు, కొద్దిమంది పెద్దవాళ్ళు. ఎవరికి ఇచ్చిన సీసా గోడ పక్కదో, ఎవరిది ముందు వరసలోదో చెప్పే దారి లేదు. అందరికీ మళ్ళీ ఇవ్వాల్సిందే అంది డాక్టరమ్మ.

గడ్డకట్టినవీ, అనుమానం ఉన్నవీ అన్నీ వేరే సంచిలో కట్టి, వాడకూడదని రాసి పక్కన పెట్టాం. చెప్పాల్సిన ప్రభుత్వ ఆఫీసుకు డాక్టరమ్మే ఫోన్ చేసి చెప్పింది. తర్వాత క్లినిక్ మేనేజర్ ఫోన్ చేశాడు. కరిగిపోయాక వాడుకోకూడదా, చూడ్డానికి బాగానే ఉంది కదా అని ఆయన అడగడం నాకు బయటికి వినిపించింది. "ఖలాస్, అవి పోయాయి," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

కొత్త స్టాకు వచ్చాక ఫోన్లు మొదలుపెట్టాం. అరబ్బీ కుటుంబాలకు డాక్టరమ్మ, మనవాళ్ళకు నేను. ఏం చెప్పాలో ముందే అనుకున్నాం. వేసిన మందు వల్ల హాని లేదు, కానీ అది పనిచేస్తుందని చెప్పలేం, అందుకని మళ్ళీ వేయాలి. మూడు ముక్కలు. కొందరు సరేనన్నారు. ఒకాయన నిజం చెప్పినందుకు థాంక్స్ అన్నాడు. ఆ మాట వినడం తిట్టు వినడం కంటే కష్టంగా అనిపించింది.

సనాబిస్‌లో ఉండే ఒక హైదరాబాదు అమ్మాయి మొత్తం వింది. ఆమె పాపకు అప్పటికి నాలుగు నెలలు.

"అంటే మా పాపను ఊరికే ఏడిపించారా?"

"అవునమ్మా."

"రాత్రంతా జ్వరంతో ఉంది తెలుసా? ఆ రాత్రంతా నేను భుజం మీదే వేసుకుని తిరిగాను."

"తెలుసమ్మా. తప్పు మాదే."

"మళ్ళీ మీ దగ్గరికే ఎందుకు రావాలి?"

ఇంకెక్కడైనా వేయించుకున్నా ఫరవాలేదు, వేయించడం మాత్రం మానొద్దు అన్నాను. మర్నాడు భార్యాభర్తలిద్దరూ వచ్చారు. అతను ఏదో ఆఫీసులో పెద్ద ఉద్యోగంలో ఉన్నాడు. లోపలికి రాగానే, ఆ రోజు ఇంజెక్షన్ ఇచ్చిన నర్సు మా పాపను ముట్టుకోకూడదన్నాడు. ఇంగ్లీషులోనే అన్నాడు. మలయాళీ అమ్మాయి చేతిలోని ట్రే బల్ల మీద పెట్టి వరండాలోకి వెళ్ళి నిలబడింది. నేను ఇచ్చాను. పాప కెవ్వుమంది. తల్లి మొహం పక్కకు తిప్పుకుంది. వెళ్ళేటప్పుడు వరండాలో నిలబడ్డ మనిషి వైపు ఆ తల్లి ఒక్క క్షణం చూసి, మెట్లు దిగిపోయింది.

అలా ఒక్కొక్కరూ వచ్చారు. చివరికి ఒకతను మిగిలాడు. నిర్మల్ వైపు నుంచి వచ్చిన కూలీ. బూటులోంచి అరికాల్లోకి మేకు దిగితే వచ్చి ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకుని వెళ్ళాడు. అతని ఫోన్ మోగడం లేదు. కంపెనీ సూపర్‌వైజర్‌ను పట్టుకుంటే, అతన్ని జల్లాఖ్‌లో కడుతున్న రిసార్టు పనికి పంపామనీ, డ్యూటీ మధ్యలో వదలడం కుదరదనీ చెప్పాడు. శుక్రవారం పంపుతానన్నాడు. శుక్రవారం ఓవర్‌టైం ఉందని పంపలేదు.

పిల్లలకైతే కొంత వ్యవధి ఉంది. మేకు దిగినవాడి విషయంలో ఆలస్యం మంచిది కాదు. ఆ కంపెనీ మనుషుల ఆరోగ్య పరీక్షలకు మేం అప్పుడప్పుడూ సైటుకు వెళ్ళేవాళ్ళం. అక్కడ ఫస్ట్ ఎయిడ్ గది ఉంది. డాక్టరమ్మ సూపర్‌వైజర్‌తో మాట్లాడి, మధ్యాహ్నం ఎండ వేళ బయటి పని ఆపుతారు కదా, అప్పుడు మా సిస్టర్ వస్తుందని ఒప్పించింది.

"నేనూ వస్తాను," అంది మలయాళీ అమ్మాయి. ఆ రోజు ఆమెకు సెలవు.

మందు తీసుకెళ్ళే చల్లపెట్టెను ఆమే సిద్ధం చేసింది. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాకులను వెంటనే పెట్టేస్తే మందు మళ్ళీ గడ్డకడుతుంది. కాసేపు బయట ఉంచి, పైన చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ళు కదిలే దాకా ఆగాలి. ఆమె ప్రతి ప్యాకునూ చెవి దగ్గర పెట్టుకుని ఊపి విని, నా చెవి దగ్గర కూడా పెట్టింది. నీళ్ళు కదిలాయి. నేను తలూపాక గానీ పెట్టెలో సర్దలేదు.

క్లినిక్ కారు నడిపే పాకిస్తానీ భాయ్ పెట్టె తీసుకుని డిక్కీ తెరవబోయాడు. వద్దు భాయ్ అని తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. వంతెన దాటి, సనాబిస్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగి, పడమటి రోడ్డెక్కేసరికి బయట అంతా తెల్లగా, కళ్ళు చిట్లించుకుంటే గానీ చూడలేనట్టుగా ఉంది.

సైటులో మనుషులు రేకుల షెడ్డు కింద అట్టముక్కలు పరుచుకుని పడుకున్నారు. అతన్ని లేపి ఫస్ట్ ఎయిడ్ గదికి తీసుకొచ్చారు. ముప్పై ఐదేళ్ళుంటాయి. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"నేనేం తప్పు జేసిన మేడం? ఆఫీసోళ్ళు మల్ల మల్ల అడుగుతుంటే బుగులైతున్నది."

"నువ్వేం చేయలేదు తమ్ముడూ. కూర్చో. తప్పు మాది. మొన్న నీకు వేసిన మందు ఫ్రిజ్‌లో గడ్డకట్టింది. అది పనిచేయదు. మళ్ళీ వేయాలి."

అతను నా మొహంలోకి చూశాడు.

"గడ్డ కట్టిందా? గీ ఎండలనా?"

గుమ్మం దగ్గర నిలబడి వింటున్న మరో ఇద్దరు నవ్వారు. అతనూ నవ్వాడు. "మేం తాగే నీళ్ళు గంటసేపు సల్లగుండయ్. మీ మందు గడ్డ కట్టిందంటె ఎట్ల నమ్మాలె మేడం."

నాకూ నవ్వు వచ్చింది. ఊరి నుంచి వచ్చాక నవ్వడం అదే మొదలు.

"మరి గిన్నొద్దులు నాకు మందు లేనట్టేనా?" నవ్వు ఆగిపోయాక అడిగాడు.

"లేనట్టే అనుకోవాలి. కాలు చూపించు."

మలయాళీ అమ్మాయి కింద కూర్చుని అతని పాదం ఒళ్ళోకి తీసుకుంది. అతను కాలు వెనక్కి లాక్కున్నాడు. "వద్దమ్మా, మట్టి కాలు," అన్నాడు. ఆమెకు మాట అర్థం కాలేదు, వదల్లేదు. తడి దూదితో తుడిచి చూసింది. గాయం మూసుకుంది. వాపు లేదు. దవడ పట్టేయడం, మెడ బిగుసుకోవడం ఏమైనా ఉందా అని నేను అడిగితే లేదన్నాడు.

"మొన్న సూదేసింది గీమెనే కదా?"

పాపను ముట్టుకోకూడదన్న ఆ హైదరాబాదు అతను గుర్తొచ్చాడు. మలయాళీ అమ్మాయి అతని చూపును బట్టే ప్రశ్న గ్రహించినట్టుంది. లేచి, సూది నాకు అందించబోయింది.

"ఔ, నువ్వే ఎయ్యి," అని అతను చొక్కా చెయ్యి పైకి మడిచి ఆమె వైపు తిరిగాడు. నాతో, "ఆమెది చెయ్యి మంచిగుంటది మేడం. మొన్న నొప్పే కాలే," అన్నాడు.

ఆమెకు నేను హిందీలో చెప్పాను. ఆమె చేతులు కడుక్కుని వచ్చి ఇంజెక్షన్ ఇచ్చింది. మందు సీసా మీది పేరు, గడువు నాకు చూపించి మరీ ఇచ్చింది. తర్వాత ఏమైనా తేడా చేస్తుందేమోనని అతన్ని కాసేపు అక్కడే కూర్చోబెట్టాం. అతను గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. లేచాక ఒక్కటే అడిగాడు.

"సూపర్‌వైజర్‌కు జర చెప్పుండ్రి మేడం, నా తప్పేం లేదని. లేకుంటే మనసుల పెట్టుకుంటడు."

వెళ్ళి చెప్పాను. సూపర్‌వైజర్ సరే సరే అని ఫోన్‌లో మాట్లాడుకుంటూనే తలూపాడు. ఎంత విన్నాడో తెలియదు. తిరుగు ప్రయాణంలో మలయాళీ అమ్మాయి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఖాళీ పెట్టె మా ఇద్దరి కాళ్ళ మధ్య కదులుతూ ఉంది.

మేనేజ్‌మెంటు ఆమెకు ఒక మెమో ఇచ్చింది. ఒకరు సెలవు పెడితే ఒక్క నర్సుతోనే నడపడం గురించి డాక్టరమ్మ అడిగినదానికి మాత్రం జవాబు రాలేదు. కొన్ని నెలలకు, లోపల ఏ మూల మరీ చల్లబడినా గంట మోగే కొత్త ఫ్రిజ్ కొన్నారు. నిర్మల్ అతనికి ఏమీ కాలేదు. ఆ పిల్లలెవరికీ ఏమీ కాలేదు. అయినా ఆ అమ్మాయి ఫ్రిజ్ తలుపు వేసి రెండడుగులు వేసి మళ్ళీ వెళ్ళి తీసి చూసేది. వెనక గోడ మీద వేలు పెట్టి తడిమేది. నేను చూడనట్టు ఉండేదాన్ని.

మరుసటి ఏడాది వేసవికి ముందే ఆమె ఒక పళ్ళ డాక్టరు దగ్గర ఉద్యోగం చూసుకుంది.

"అక్కడ టీకాలుండవు చేచీ," అంది వెళ్ళే రోజు. జీతం గురించి గానీ, సెలవుల గురించి గానీ ఏమీ చెప్పలేదు.

ఆమె స్థానంలో కొత్తమ్మాయి వచ్చింది. మొదటి రోజు ఫ్రిజ్ తెరిచి, డబ్బాలకూ వెనక గోడకూ మధ్య అరచెయ్యి పట్టేంత సందు ఉండాలని చూపించాను. అలా ఎందుకు ఉండాలో మొత్తం చెప్పాలనుకున్నాను. బయట పిల్లలు ఏడుస్తున్నారు, రిసెప్షన్ నుంచి పిలుపు వచ్చింది. కొత్తమ్మాయి తలూపి తలుపు వేసింది. నేను వెళ్ళి మొదటి బిడ్డను ఒళ్ళోకి తీసుకున్నాను.